ఒక మాత్ర 174 మిల్లీసెకన్లు: తెలుగు హిప్‌హాప్ ఆల్బమ్ పని డైరీ

ప్రస్తుత స్థితి: మొత్తం 8 పాటలు. డప్పు, గుమ్మెట (బుర్రకథలో వాయించే వాద్యం), అందెల రికార్డింగ్ దాదాపు అయిపోయింది. 6 పాటలకి గొంతు పూర్తయింది. 3 పాటలు మిక్స్‌లో ఉన్నాయి. 7 మాత్రల పాట (మాత్ర అంటే ఛందస్సులో ఒక లఘువు పలికే కాలం) రెండుసార్లు విప్పి మళ్లీ కట్టాం, ఇంకా తేలలేదు.

వారం 1: ముందు టెంపో

ఈ ఆల్బమ్‌లో కలవాల్సినవి బూమ్‌బాప్ (పాత తరం హిప్‌హాప్ నడక), డబ్ (ఎకోలతో నిండిన జమైకా శైలి), డ్రమ్ అండ్ బేస్ (వేగమైన డ్రమ్స్, బరువైన బేస్), తీన్మార్, మోడల్ జాజ్ (తీగల మార్పుల కన్నా స్వరవరసల మీద నడిచే జాజ్), బుర్రకథ. పాటకో శైలి చొప్పున పేర్చుకుంటూ పోతే కలగూరగంప అవుతుంది. ఒకే పాటలో రెండు మూడు శైలులు ఒకదాన్నుంచి ఒకటి పుట్టాలంటే వాటి లెక్క ఒక్కటై ఉండాలి. అందుకే ట్యూన్ల కన్నా ముందు టెంపో తేల్చుకున్నాం.

ఎంచుకున్న అంకె 86 బీపీఎం, అంటే నిమిషానికి 86 బీట్లు. రెట్టిస్తే 172, అది డ్రమ్ అండ్ బేస్‌కి సరిపోయే వేగం. ఒకటిన్నర రెట్లు చేస్తే 129, తీన్మార్ అక్కడ హాయిగా నడుస్తుంది. అంటే 86, 129, 172 మూడూ 2:3:4 నిష్పత్తిలో ఉన్నాయి. 90 పెట్టుకుంటే 135, 180 వస్తాయి. 180 దగ్గర బ్రేక్‌బీట్ పరిగెత్తినట్టుంటుంది, డప్పు చేతికి 135 కాస్త ఎక్కువ. 80 అయితే 160 దగ్గర డ్రమ్ అండ్ బేస్ బరువెక్కి ఈడుస్తుంది. 84 నుంచి 88 వరకు అన్నీ వాయించి చూశాకే 86 దగ్గర ఆగాం.

86 దగ్గర ఒక బీట్ 697.7 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు చేస్తే 174.4. ఈ 174.4నే ఒక మాత్రగా తీసుకున్నాం. లఘువు 174, గురువు 349. డ్రమ్స్ 172కి వెళ్లినా మాత్ర మారదు, ఎందుకంటే 172లో సగం బీట్ కూడా 174.4 మిల్లీసెకన్లే. కింద డ్రమ్స్ రెట్టింపు వేగంతో పోతుంటే పైన మాట అదే నడకలో ఉంటుంది. ఒక్క తీన్మార్ భాగంలోనే ఇది మారుతుంది: 129 బీట్‌ని మూడు చేస్తే మాత్ర 155 అవుతుంది, అక్కడ పాట త్రిస్ర గతిలో రాయాలి.

86 నుంచి 129కి దూకడం ఇలా: ముందు రెండు బార్లు (బార్ అంటే నాలుగు బీట్లు) హైహ్యాట్‌ని, అంటే డ్రమ్స్‌లోని జంట తాళాల్ని, ట్రిప్లెట్లలో (బీట్‌కి మూడు చొప్పున) నడపాలి, ఒక్కోటి 232.6 మిల్లీసెకన్లు. మూడో బార్ నుంచి ప్రతి రెండో ట్రిప్లెట్‌ని గట్టిగా కొట్టాలి. ఆ గట్టి దెబ్బల మధ్య దూరం 465.1, అదే 129 బీపీఎం. నాలుగో బార్ చివర్లో డప్పు దిగుతుంది. టెంపో మారినట్టు చెవికి తెలియదు, కాలికి తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో టెంపోని మెల్లగా పెంచుతూ గీత గీస్తే ఈ అనుభవం రాదు. ఇక్కడ టెంపో ఒకే చోట, ఒక్కసారిగా మారాలి.

వారం 2, 3: డప్పు

ఎక్కువ సమయం తిన్నది ఇదే. తినాల్సిందే.

మొదటి రికార్డింగ్ 12 అడుగులకి 10 అడుగుల గదిలో. మొదటి టేకు బాగుంది, నాలుగో టేకుకి గది మొత్తం గుమ్మని మోగింది. కారణాలు రెండు కలిశాయి. మంట మీద కాచిన వెంటనే ఆ డప్పు శ్రుతి 131 హెర్ట్జ్ దగ్గరుంది, ఇరవై నిమిషాలు చల్లారాక 117కి దిగింది. దాదాపు రెండు మెట్లు, అంటే ఒక పూర్తి స్వరం. రెండోది గది. 10 అడుగుల దూరంలోని గోడల మధ్య తగిలి తిరిగొచ్చి బలపడే అలల్లో రెండోది 112 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. చల్లారుతున్న డప్పు సరిగ్గా ఆ గోతిలోకి జారింది. ఈక్వలైజర్‌తో 112 తగ్గిస్తే మొదటి టేకు పలచబడింది, వదిలేస్తే నాలుగోది ఉబ్బింది. ఆ రోజు పనంతా తీసేశాం.

రెండోసారి మేడ మీద, పైన రేకుల షెడ్డు, మూడు వైపులా వేలాడదీసిన పరుపులు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వాయించాం. తెల్లవారుజామున ఊరు నిశ్శబ్దంగానే ఉంటుంది కానీ మంచు తేమకి తోలు సడలుతుంది. ఎండలో అయితే వీధి చప్పుడు పడుతుంది, అయినా మైకు దగ్గరగా పెడితే డప్పు ముందు హారన్లు లెక్కలోకి రావు.

అన్నిటికన్నా పనికొచ్చిన మార్పు రెండు డప్పులు పెట్టుకోవడం. ఒకటి వాయిస్తుంటే రెండోది మంట దగ్గర. ఆరు నిమిషాలకోసారి మార్చడం. ఆరు నిమిషాల్లో శ్రుతి 131 నుంచి 128కే దిగింది, ఆ తేడా పాటలో ఇబ్బంది పెట్టదు. ప్రతి టేకు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి మధ్య దెబ్బ విడిగా కొట్టించి ఉంచాలి. తర్వాత ఏ టేకు ఎంత దిగిందో చెప్పేది ఆ రెండు దెబ్బలే. తోలు కాచేటప్పుడు మంట సెగ అంతటా సమంగా తగలాలి. గ్యాస్ పొయ్యి మీద పెడితే నడుమే కాగుతుంది, అంచు అలాగే ఉండిపోయి మోత చీలుతుంది. గడ్డి, ఎండుటాకుల మంటే మంచిది. ఫైబర్ డప్పులకి ఈ బాధ లేదు, కానీ వాటి మోతలో తోలు గుండె వినపడదు. ఒక పాటలో గట్టి చివర దెబ్బలకి మాత్రం అదే వాడాం.

మైకులు రెండు. ముందు షూర్ ఎస్ఎం57, తోలుకి 25 సెంటీమీటర్ల దూరంలో, నడుముకి కాకుండా అంచువైపు కాస్త పక్కగా. వెనక కండెన్సర్ మైకు, 1 మీటరు దూరంలో. వెనక మైకు పోలారిటీ (అల ఎగుడుదిగుళ్ల దిశ) తిప్పాలి: ముందు నుంచి కొట్టినప్పుడు తోలు ముందు మైకుకి దూరంగా, వెనక మైకు వైపుకి కదులుతుంది. తిప్పకపోతే అడుగు మోత సగం మాయమవుతుంది. రెండిటి దూరాల తేడా 75 సెంటీమీటర్లు, అంటే 2.2 మిల్లీసెకన్ల ఆలస్యం. 48 కిలోహెర్ట్జ్ దగ్గర (సెకనుకి 48 వేల కొలతలు) అది 105 కొలతలు. వెనక ట్రాక్‌ని అంత ముందుకి జరిపితే దెబ్బ బిగుస్తుంది. జరపకుండా వదిలితే మోత విశాలంగా ఉంటుంది. బూమ్‌బాప్ పాటలకి జరిపాం, డబ్ పాటకి వదిలేశాం.

సిర్ర (డప్పు కొట్టే లావు పుల్ల) దెబ్బ మొదటి అంచు ఎంత వాడిగా ఉంటుందంటే మీటర్ −12 చూపిస్తున్నా ప్రీయాంప్ (మైకు శబ్దాన్ని పెంచే పరికరం) అప్పటికే చితికిపోయి ఉండొచ్చు. గెయిన్‌ని మీటర్ చూసి కాదు, గట్టిగా కొట్టించి హెడ్‌ఫోన్‌లో విని పెట్టాలి. క్లిక్ ట్రాక్ (లయ తప్పకుండా వాయించేవారి చెవిలో ఇచ్చే టిక్కు) విషయంలోనూ ఒక మాట. చురుక్కుమనే క్లిక్ వాడితే వాయించేవారు డప్పు హోరులో వినడానికి శబ్దం పెంచేస్తారు, అది మైకులోకి కారుతుంది. క్లిక్ బదులు మొద్దు బేస్ చప్పుడు ఇచ్చాం, అది కారినా డప్పులో కలిసిపోతుంది.

విడి దెబ్బల లెక్క: సిర్ర నడుము, సిర్ర అంచు, సిటికెన పుల్ల (రెండో చేతి సన్న పుల్ల) అంచు, రెండూ కలిపి, చేత్తో అదిమిన దెబ్బ. ఐదు రకాలు, ఒక్కోటి నాలుగు స్థాయిల్లో, స్థాయికి ఆరేసి సార్లు. మొత్తం 120. ఆరు ఎందుకంటే, ఒకే శాంపిల్ (రికార్డు చేసిన ముక్క) వరసగా మోగితే మెషిన్ గన్ లాగా వినిపిస్తుంది. నాలుగుతో మొదలుపెట్టాం, సిటికెన పుల్ల వేగంగా నడిచే చోట చాలలేదు.

గుమ్మెట, అందెలు అరపూటలో అయ్యాయి. అందెలు బొటనవేలికి తొడిగే ఇత్తడి కడియాలు, లోపల గుళ్లు. వాటికి కండెన్సర్ మైకు 40 సెంటీమీటర్ల దూరంలో చాలు.

వారం 4: ముక్కలు కోయడం, ఊపు పట్టడం

శబ్దం ముక్కలు ఎక్కించి వాయించే 1987 నాటి ఎస్పీ-1200 మెషిన్‌లో శాంపిల్ 12 బిట్, 26.04 కిలోహెర్ట్జ్. మొత్తం జ్ఞాపకం 10 సెకన్లే. ఆ కాలపు నిర్మాతలు నిమిషానికి 33 చుట్లు తిరిగే రికార్డుని 45 వేగంతో తిప్పి ఎక్కించి, లోపల మళ్లీ శ్రుతి దించుకునేవారు. సమయం ఆదా అయ్యేది, దాంతో పాటు ఆ గరుకు మోత పుట్టింది. 45కి 33⅓ నిష్పత్తి 1.35, అంటే ఐదు మెట్ల పైచిలుకు.

అదే పనిని సాఫ్ట్‌వేర్‌లో డప్పు మీద చేశాం: ఐదు మెట్లు పైకి, 26.04 కిలోహెర్ట్జ్‌కి, 12 బిట్‌కి దించి, మళ్లీ ఐదు మెట్లు కిందికి. సిర్ర పదును మెత్తబడి దెబ్బకి కండ వచ్చింది. అందెల మీద ఇదే చేస్తే పాడైపోయింది. ఆ నమూనా రేటుకి 13 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదేదీ నిలవదు, వడపోత లేకపోతే తిరగబడి కింద ఈలల్లాగా పడుతుంది. ఇత్తడి మోతలో తళుకు చాలావరకు అక్కడే. అందెల్ని శుభ్రంగా 24 బిట్‌లోనే ఉంచాం. గరుకు డప్పు పక్కన తళుక్కుమనే అందెలు బాగా విడివడి వినిపిస్తున్నాయి.

స్వింగ్, అంటే జంట దెబ్బల్లో మొదటిదాన్ని సాగదీసి రెండోదాన్ని కుదించడం. ఎంపీసీ (ఒక రకం శాంపిల్ మెషిన్) పద్ధతిలో 50 శాతం అంటే సమానం, 66.7 అంటే ట్రిప్లెట్. మా డప్పు టేకుల్లో దెబ్బల దూరాలు కొలిస్తే 56 నుంచి 59 మధ్య తేలింది. 58 పెట్టుకున్నాం: జంటలో మొదటి మాత్ర 202 మిల్లీసెకన్లు, రెండోది 147. డప్పుని గ్రిడ్‌కి (సాఫ్ట్‌వేర్‌లోని సమాన గీతలకి) లాగలేదు, గ్రిడ్‌నే డప్పుకి వంచాం. క్వాంటైజ్ చేసిన, అంటే గ్రిడ్‌కి లాగిన, రూపం ఒకటి పోలిక కోసం ఉంచాం. అది విన్నవారెవరూ రెండోసారి అడగలేదు.

క్లిక్ లేకుండా వాయించిన ఒక తీన్మార్ టేకు 126 దగ్గర మొదలై 134 దగ్గర ముగిసింది. అందులో ఉత్సాహం వేరే స్థాయి. టైమ్ స్ట్రెచ్ చేస్తే, అంటే శబ్దాన్ని సాగదీసి వేగం సరిచేస్తే, దెబ్బల అంచులు నలిగిపోయాయి. అందుకని ప్రతి దెబ్బ దగ్గరా కోసి, ముక్కల్ని మాత్రం జరిపి, సందుల్లో తోక శబ్దాన్ని కలిపాం. 1970ల నాటి న్యూయార్క్ బ్రాంక్స్ పార్టీల్లో డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డువి రెండు కాపీలతో బ్రేక్‌ని (డ్రమ్స్ మాత్రమే మోగే భాగాన్ని) పొడిగించినట్టే, ఆ టేకులో నాలుగు బార్ల మంచి నడకని రెండు ట్రాకుల మీద మార్చి మార్చి నడిపించాం.

వారం 5: మాట

తెలుగు ర్యాప్‌లో తరచూ జరిగే పొరపాటు అంత్యప్రాస మీదే బతకడం. తెలుగులో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. వచ్చాడు, పోయాడు, చూశాడు అంటూ ప్రాస దానంతటదే వచ్చేస్తుంది. కష్టపడకుండా వచ్చిన ప్రాస చెవికి ఆనదు. మన పద్యం ఈ సంగతి ఎప్పుడో గ్రహించి, ప్రాసని పాదంలో రెండో అక్షరానికి మార్చింది, పాదం నడుమ యతి పెట్టింది. ఈ రెండూ హిప్‌హాప్ బార్‌లో ఎక్కడ పడతాయో చూడండి. నాలుగో పాట పల్లవి:

చెరువుని పూడ్చిన చేతికి దండం
కరువుకి మిగిలిన కడవకు దండం

పాదానికి 16 మాత్రలు, నాలుగేసి చొప్పున నాలుగు గణాలు. చెరువుని 4, పూడ్చిన 4, చేతికి 4, దండం 4. ఒక పాదం ఒక బార్. రెండో అక్షరం రెండు పాదాల్లోనూ రు, దాని ముందు రెండు చోట్లా లఘువే. మూడో గణం మొదట యతి: చె-చే, క-క. బార్‌లో మూడో గణం పడేది మూడో బీట్ మీద. కిక్ (కాలితో కొట్టే బరువైన డ్రమ్) 1, 3 మీద, స్నేర్ (చురుకైన చిన్న డ్రమ్) 2, 4 మీద. అంటే యతి సరిగ్గా రెండో కిక్ మీద కూర్చుంటోంది. పాదం మొదలైన హల్లు మళ్లీ కిక్‌తో పాటు వినిపించేసరికి బార్ రెండు సమ భాగాలుగా చెవికి అందుతుంది. దీన్ని కనిపెట్టాక పాత చరణాలన్నీ తిరగరాశాం.

స్వింగ్ ఇందులో చేసే పని ఇంకా ముచ్చటైనది. గురువు జంట మాత్రల్ని మొత్తం తీసుకుంటుంది కాబట్టి దాని మీద స్వింగ్ వినపడదు. లఘువుల జంట మీదే వినపడుతుంది. "కరువుకి మిగిలిన కడవకు" పన్నెండూ లఘువులే, 202-147, 202-147 అని ఊగుతూ వచ్చి "దండం" దగ్గర రెండు గురువుల మీద ఆగుతుంది. పైపాదంలో పూడ్చిన, చేతికి మొదట్లో గురువులుండటం వల్ల నడక నిలకడగా ఉంటుంది. రెండు పాదాలకీ లెక్క ఒకటే, ఊపు వేరు. గురులఘువుల పొందికతో గ్రూవ్ మారుతుందన్న మాట. ఇది బీట్ మీద కాదు, కాగితం మీదే తేలిపోయే సంగతి.

7 మాత్రల పాటకి ముత్యాల సరం నడక తీసుకున్నాం: 3+4+3+4. "మంట కాచిన డప్పు మోతకు" అన్న పాదం చూడండి. మంట 3, కాచిన 4, డప్పు 3, మోతకు 4, మొత్తం 14. డ్రమ్స్‌ మాత్రం 16 మాత్రల బార్‌లోనే నడవాలి, స్నేర్ 4/4లో లేకపోతే ఇది హిప్‌హాప్ అనిపించదు. 14, 16 కలిసేది 112 దగ్గర: ఎనిమిది పాదాలకి ఏడు బార్లు, 19.5 సెకన్లు. మొదటి ప్రయత్నంలో అలవాటు కొద్దీ 16 బార్ల చరణం పెట్టాం. పద్నాలుగో బార్ దగ్గర రెండూ కలిశాయి, మిగిలిన రెండు బార్లు ఎటూ కాకుండా వేలాడాయి. ఇప్పుడు చరణం 14 బార్లు. రెండో ప్రయత్నంలో బేస్ కూడా 16లో ఉండటంతో పాట పాడేవారికి పట్టు దొరకలేదు. ఇప్పుడు బేస్ 14లో మాటతో, స్నేర్, హ్యాట్ 16లో. ఇంకా మూడో కలయిక దగ్గర గొంతు జారుతోంది.

వారం 6: మోహనం అడుగున బేస్ జరిపితే

జాజ్ పాటకి తీగల (కార్డ్‌లు, అంటే కలిపి మోగించే స్వరాలు) లెక్క ఇది. మోహనంలో ఐదు స్వరాలు: స రి గ ప ద. సని సిలో పెడితే సి, డి, ఈ, జి, ఏ (C, D, E, G, A). ఇవే ఐదింటిని ఈ, ఏ, డి, జి, సి అని పేరిస్తే ఒకదాని మీద ఒకటి అచ్చంగా నాలుగో స్వరాల దొంతర. మోడల్ జాజ్‌లో వాడే నాలుగుల తీగలు అవే. అన్యస్వరం ఒక్కటీ రాకుండా జాజ్ పియానో దొరికినట్టే.

కింద 808 బేస్ (808 డ్రమ్ మెషిన్ నుంచి వచ్చిన లోతైన మోత) ఏ స్వరం పట్టుకుంటే అది ఆధారమవుతుంది. డి పట్టుకుంటే చెవికి మధ్యమావతి, ఈ పట్టుకుంటే హిందోళం, జి అయితే శుద్ధ సావేరి, ఏ అయితే శుద్ధ ధన్యాసి. సంగీతం నేర్చినవారికి ఇది గ్రహభేదం. పైన పియానో లూప్ ఒక్క నోటు కూడా మారలేదు, 8 బార్లకోసారి 808 మాత్రం జరిగింది. రెండో చరణం చీకటిగా కావాలి కాబట్టి ఈ, అంటే 41.2 హెర్ట్జ్, హిందోళం. పల్లవికి జి, 49. చివరికి డి, కచేరీ ముగింపు రాగమైన మధ్యమావతి. కింది డి 36.7 హెర్ట్జ్, చిన్న స్పీకర్లలో పలకదు, అందుకే పైస్థాయి 73.4 తీసుకున్నాం.

డప్పు సంగతి ఇక్కడ మళ్లీ వచ్చింది. 131 హెర్ట్జ్ అంటే సి, రాగంలో స్వరమే. చల్లారి 117కి దిగితే 'ఏ'కి ఒక మెట్టు పైన, మోహనంలో లేని స్వరం. మొదటి రికార్డింగ్ టేకులు ఈ పాటలో ఎందుకు అపశ్రుతిగా అనిపించాయో ఇప్పుడు తెలిసింది. పాత టేకుల్ని మళ్లీ వాడకపోవడానికి ఇది రెండో కారణం.

వయొలిన్ గమకం పియానోతో ఢీకొన్న చోట్లు మూడు. మధ్యమావతి భాగంలో రి, ని ఊగుతాయి. అదే క్షణంలో పియానో ఆ స్వరాన్ని కదలకుండా పట్టుకుని కూర్చుంటే రెండూ కొట్టుకుంటాయి. గమకం ఉన్న చోట పియానో తీగ నుంచి ఆ ఒక్క స్వరం తీసేస్తే సరిపోయింది.

వారం 7: గొంతు

బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలు, ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. ర్యాప్‌లో అడ్‌లిబ్‌లు (ప్రధాన గొంతు మధ్యలో వేసే చిన్న పలుకులు) చేసే పని వాళ్లు తరాలుగా చేస్తున్నారు. అందుకని అడ్‌లిబ్‌లని రెండు పాత్రలుగా విడగొట్టి రాశాం: కుడిపక్క నిలదీసేది, ఎడమపక్క ఎకసెక్కెమాడేది. ప్యాన్ (శబ్దాన్ని ఒక పక్క స్పీకర్‌కి తోయడం) 60 శాతం. ప్రధాన గొంతునే రెండుసార్లు పాడించి పక్కలకి తోస్తే ఈ ఫలితం రాలేదు, మనుషులు వేరుగా ఉండాలి. వంతల ట్రాకుల్ని 15 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే కథకుడు ముందు నిలబడతాడు.

డీఎస్సర్ (గొంతులో సకారపు ఈలని తగ్గించే సాధనం) దగ్గర తెలుగుకే ఉన్న చిక్కు ఒకటి. చాలా, చుక్క, చోటు అన్నప్పుడు పలికేది దంత్య ౘ, దాని గాలి చప్పుడు 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది. చిన్న, చెరువు అన్నప్పుడు తాలవ్యం, అది కిందికి ఉంటుంది. సకారానికి సరిపెట్టిన డీఎస్సర్ "చాలా"ని కూడా పట్టుకుని నొక్కేస్తుంది, మాట నత్తిగా వినిపిస్తుంది. ఆటోమేటిక్‌గా వదలకుండా ౘ ఉన్న ప్రతి మాటకీ చేత్తో 3 డీబీ తగ్గించాం. ఒక పాటలో అవి 41 చోట్ల ఉన్నాయి.

డప్పుకి చోటివ్వడానికి గొంతులో 2 కిలోహెర్ట్జ్ చుట్టూ కోయాలని చేయి పోతుంది. కోయకూడదు. ళ, ణ, ట, డలకి గుర్తు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. 4 డీబీ కోసి వింటే "కళ" కాస్తా "కల" అయింది. బదులుగా డప్పులో 2 నుంచి 2.5 వరకు 3 డీబీ తగ్గించాం. సిర్ర పదును 4 పైన ఉండిపోయింది, దానికేమీ నష్టం లేదు.

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. బార్ చివర ఆపే హల్లు లేక శబ్దం సాగి తర్వాతి కిక్ మీదికి కారుతుంది. గేట్ (శబ్దం తగ్గగానే మూసేసే సాధనం) పెడితే కత్తిరించినట్టుంటుంది. చివరి అచ్చు మీద 35 మిల్లీసెకన్ల ఫేడ్ చేత్తో గీయడమే మార్గం. "దండం" లాంటి సున్నాతో ముగిసే మాటలకి ఆ అవసరం రాలేదు, పెదాలే మూతేస్తాయి.

డబ్ పాటలో ఎకో 523 మిల్లీసెకన్లు, అంటే మూడు మాత్రలు. నాలుగేసి మాత్రల నడక మీద మూడేసి మాత్రల ఎకో పడుతుంటే, ప్రతిధ్వని ఒక్కోసారి ఒక్కో గణం మీద వాలుతుంది. ఫీడ్‌బ్యాక్ (ఎకోలోంచి మళ్లీ ఎకోకి పంపే భాగం) 45 శాతం, 300 హెర్ట్జ్ కింద, 3 కిలోహెర్ట్జ్ పైన కోత. 100 దాటితే ఎకో తనని తానే పెంచుకుంటూ చెయ్యి దాటిపోతుంది. ప్లగిన్‌ని టెంపోకి ముడిపెట్టకుండా మిల్లీసెకన్లలోనే ఉంచాలి. ముడిపెట్టినప్పుడు 86 నుంచి 129కి మారే చోట ఎకో కీచుమంది.

వారం 8: హక్కులు

పాత రికార్డు ముక్క వాడాలన్న ఆలోచన ఒకటి వచ్చింది. భారత కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1958లో విడుదలైనదానికి 2018 డిసెంబరు 31తో అయిపోయింది. కానీ పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి విడిగా హక్కుంటుంది, వాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా. రికార్డింగ్ స్వేచ్ఛ అయినా పాట కాకపోవచ్చు. ఆ ముక్క మానేసి అలాంటిదే కొత్తగా వాయించుకున్నాం.

డప్పు, గుమ్మెట, వంత కళాకారులకి రోజు కూలి ఇచ్చి వదిలేయడం పద్ధతి కాదు. ఇక్కడ మోతే పాటకి మూలం. పేరు, వాటా, శాంపిళ్లు వేరే ఆల్బమ్‌లో వాడితే మళ్లీ అడగాలన్న షరతు, మూడూ తెలుగులో రాసిన ఒక పేజీ కాగితం మీద పెట్టి, చదివి వినిపించి సంతకాలు తీసుకున్నాం. ఒగ్గు డోలు కూడా వాడాలనుకున్నాం. మల్లన్న కథతో, ఆ కొలుపుతో ముడిపడిన వాద్యం అది. కథ నుంచి విడదీసి లూప్ చేయడానికి ఆ కళాకారులు ఇష్టపడలేదు, ఆ పాట డోలు లేకుండానే ఉంది.

వారం 9: మిక్స్, ఇప్పటిదాకా

డప్పులో 90 హెర్ట్జ్ కింద అంతా తీసేశాం, ఆ చోటు 808ది. 172 పాటలో కిక్ తోక 120 మిల్లీసెకన్లకి కుదించాం. మాత్ర 174 కాబట్టి అంతకన్నా పొడుగైతే తర్వాతి దెబ్బలో కలిసి బురదవుతుంది. 150 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే.

ఫోన్ స్పీకర్‌లో 41 హెర్ట్జ్ పలకదు. హిందోళం చరణం ఫోన్‌లో వింటే బేస్ లేక, రాగం మళ్లీ మోహనంలాగే వినిపించింది! గ్రహభేదమంతా బేస్ మీదే ఆధారపడింది కదా. 808కి ఒక నకలు తీసి, గట్టిగా శాచురేట్ చేసి (పైస్వరాలు పుట్టేలా నలిపి), 150 కింద కోసి, అసలుదానికి 12 డీబీ కింద కలిపాం. 165, 206 దగ్గర పుట్టిన పైస్వరాలు చెవికి 'ఈ'ని గుర్తుచేస్తున్నాయి. మూడు ఫోన్లలో, ఒక ఆటో స్పీకర్‌లో సరిచూశాం.

మొదటి మాస్టర్ (విడుదలకి సిద్ధం చేసిన తుది రూపం) −9 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే శబ్ద స్థాయి కొలత) వచ్చింది. స్పాటిఫై దాన్ని −14కి తెస్తుంది, అంటే 5 డీబీ తగ్గించి వినిపిస్తుంది, నలిగిన సిర్ర దెబ్బ మాత్రం నలిగినట్టే ఉంటుంది. −12కి దించి, ట్రూ పీక్ (అలల అసలు శిఖరం) −1 డీబీ దగ్గర ఉంచాం. సిర్ర మళ్లీ ప్రాణంతో మోగింది.

మిగిలిన పని: 7 మాత్రల పాటలో మూడో కలయిక దగ్గర అందెలతో ఒక గుర్తు దెబ్బ పెట్టి గొంతు మళ్లీ తీయాలి. తీన్మార్ భాగానికి త్రిస్ర గతిలో రెండో చరణం రాయాలి, 12 మాత్రల పాదాలు పదహారు. వానలు మొదలయ్యేలోపు ఇంకో పూట డప్పు అదిమిన దెబ్బలు తీయాలి, ఉన్నవాటిలో రెండు స్థాయిలు చాలడం లేదు.